హత్య కేసుకు కాలదోషం లేదు



మన సొసైటీ గడప తొక్కే వాళ్లు ఏం అడుగుతారో మీకు తెలుసు. పిల్లల స్కూలు ఫీజు, ఆసుపత్రి బిల్లు, ఆడపిల్ల పెళ్లి, రంజాన్ నెల రేషన్. మీరిచ్చే ప్రతి రూపాయీ ఈ నాలుగు దారుల్లోనే ఎక్కువగా పోతుంది, పోవాలి కూడా. కానీ "కోర్టులో వాయిదా ఉంది, పోయి రావడానికి చార్జీలు లేవు" అని నోరు తెరిచి అడిగే వాళ్లు అరుదు. అవసరం లేక కాదు. అడగడానికి సిగ్గు. కోర్టు, కేసు అంటేనే తప్పు చేసిన వాళ్ల వ్యవహారమని మన ఇళ్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది.

కోర్టు వరండాలో ఒక పూట కూర్చుని చూడండి, హిందూపురంలోగానీ, పెనుకొండలోగానీ, ధర్మవరంలోగానీ. అక్కడ కూర్చున్న వాళ్లలో తప్పు చేసిన వాళ్లే కాదు, తప్పు జరిగిన వాళ్లూ ఉంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటుంది. కళ్లారా చూసి, చూసింది చెప్పడానికి వచ్చి, పొద్దున్నుంచి పేరు పిలుస్తారేమోనని ఎదురుచూసే కూలీ ఉంటాడు. సాయంత్రానికి "వాయిదా పడింది" అని గుమాస్తా చెప్తాడు. ఆ రోజు కూలి పోయింది, చార్జీలు పోయాయి. మళ్లీ రెండు నెలలకు ఇదే పని.

ఇలా ఎన్నిసార్లు తిరిగితే ఒక పేద కుటుంబం "ఇక చాలు, అల్లా చూసుకుంటాడు" అని ఇంట్లో కూర్చుంటుంది? అలా కూర్చోకుండా 20 ఏళ్లు, 30 ఏళ్లు తిరిగిన వాళ్లకు చివరికి ఏమొచ్చింది? కులం పేరుతో, మతం పేరుతో, రంగు పేరుతో మనుషుల్ని చంపిన కొన్ని కేసుల్ని తీసుకుని ఈ సంగతి చూద్దాం. రెండు మన రాష్ట్రంలోవే. ఒకటి ఉత్తరాదిది. కొన్ని అమెరికావి. వాటి నుంచి దాతలుగా మనం తెలుసుకోవాల్సినది చాలా ఉంది.

కారంచేడు: 1985 నుంచి 2008 దాకా

కారంచేడు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, అప్పట్లో ప్రకాశం జిల్లా. చీరాలకు దగ్గర. 1985 జూలై 16 సాయంత్రం మాదిగపల్లె వాళ్లు తాగే నీళ్ల దగ్గర గొడవ మొదలైంది. ఆధిపత్య కులానికి చెందిన యువకుడు గేదెలకు కుడితి పెట్టిన బక్కెట్టు కడిగి ఆ మురికి తాగే నీళ్లలో కలిపాడు. ఒక దళిత యువకుడు ఇదేమిటని అడిగాడు. అతని మీద చెయ్యి చేసుకోబోతే నీళ్లకు వచ్చిన ఒక మహిళ చేతిలోని బిందె ఎత్తి అడ్డుకుంది.

మర్నాడు, జూలై 17 ఉదయం, వందల మంది ఆయుధాలతో మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. ఆడవాళ్లపై అత్యాచారాలు జరిగాయి. ప్రాణాలతో బయటపడ్డ వాళ్లు చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ఊరికి మళ్లీ పోమని తేల్చి చెప్పారు. చీరాలలోనే విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు.

ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం దానికి ముందు నిలబడ్డారు. తారకం అప్పటికి హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. కారంచేడు తర్వాత ఆ పదవి వదులుకుని బాధితుల వైపు వచ్చారు. 2016లో చనిపోయే దాకా ఇలాంటి కేసుల్లోనే ఉన్నారు. డబ్బూ హోదా ఉన్న చోటు నుంచి లేచి, ఫీజు ఇవ్వలేని వాళ్ల పక్కన కూర్చున్న వకీలు ఆయన.

కేసు ఎలా నడిచింది? కింది కోర్టు శిక్షలు వేసింది. హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుల్లో ఒకరికి యావజ్జీవ శిక్షను, మరో 29 మందికి మూడేళ్ల జైలును ఖాయం చేసింది. 1985లో పుట్టిన బిడ్డ ఆ తీర్పు నాటికి 23 ఏళ్ల మనిషి.

ఈ 23 ఏళ్ల మధ్యలో ఇంకొకటి జరిగింది. ఈ దాడి వెనుక ఉన్నాడని పేరుపడిన ఒక పెద్ద మనిషిని 1989లో నక్సలైట్లు చంపేశారు. న్యాయం జరిగిందని అప్పుడు కొందరు అన్నారు. కానీ అది న్యాయం కాదు. ఆయన కోర్టులో నిలబడలేదు, ఆయన మీద సాక్ష్యం ఎవరూ చెప్పలేదు, నేరం రుజువు కాలేదు. బాధితులకు దక్కాల్సిన తీర్పు ఆ మేరకు శాశ్వతంగా పోయింది. కోర్టు ఆలస్యమయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి తుపాకీ, కత్తి వస్తాయి. ఫ్యాక్షన్ చూసిన మన సీమ వాళ్లకు ఇది ఒకరు వివరించి చెప్పాల్సిన పని లేదు.

చుండూరు: ఊళ్లోకే వచ్చిన కోర్టు

చుండూరు తెనాలికి దగ్గర. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని వాళ్లకు తగిలిందన్న గొడవతో మొదలైంది. ఆ తర్వాత దళితులకు పొలం పనులు ఇవ్వకుండా సాంఘిక బహిష్కారం పెట్టారు. ఆగస్టు 6న, ఊళ్లో పోలీసులు ఉండగానే, దాడి జరిగింది. పొలాల వెంట పరుగెత్తిన వాళ్లను తరిమి నరికారు. ఎనిమిది మంది చనిపోయారు. కొందరి శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు.

కారంచేడు నాటికి లేని ఒక చట్టం చుండూరు నాటికి ఉంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చి 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రత్యేక కోర్టు పెట్టాలని అందులో ఉంది. చుండూరు బాధితులు ఆ కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టారు. గుంటూరులో పెడితే కూలీ మనుషులు అంతంత దూరం రోజూ పోలేరు, దారిలో బెదిరింపులు ఉంటాయి, సాక్షులు జారిపోతారు అన్నది వాళ్ల వాదన. నిందితుల వైపు నుంచి దీనికి గట్టి అభ్యంతరాలు వచ్చాయి. చివరికి కోర్టు ఊళ్లోకే వచ్చింది.

విచారణ మొదలయ్యేటప్పటికి 2004 వచ్చేసింది. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 123 మందిని విడిచిపెట్టారు. కొందరు నిందితులు అప్పటికే కాలం చేశారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్ష పడిన వాళ్లందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఫిర్యాదులో జరిగిన ఆలస్యం, సాక్షుల మాటల్లో ఉన్న తేడాలు ఆ తీర్పుకు ఆధారాలయ్యాయి. బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు.

కారంచేడుకు 23 ఏళ్లకు శిక్ష వచ్చింది. చుండూరుకు అవే 23 ఏళ్లకు విడుదల వచ్చింది. ప్రాణ భయంతో పొలాల్లో పరుగెత్తిన మనిషిని 13 ఏళ్ల తర్వాత బోనులో నిలబెట్టి, ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉంది, ఎవరు ఎటు నుంచి వచ్చారు, అప్పుడు టైమ్ ఎంత అని అడిగితే ఏం చెప్తాడు? అబద్ధం ఆడని వాడు కూడా తడబడతాడు. ఆలస్యం తీర్పును వెనక్కి నెట్టడమే కాదు, సాక్ష్యాన్నే తినేస్తుంది.

హాషింపురా: ఒక రిజిస్టరు విలువ

మనలో చాలామందికి ఈ పేరు తెలుసు. 1987 మే 22, రంజాన్ నెల. మీరట్‌లోని హాషింపురా మొహల్లా నుంచి సాయుధ పోలీసు దళం వాళ్లు సుమారు 40 మంది ముస్లిం యువకుల్ని, పెద్దల్ని ట్రక్కులో ఎక్కించుకుని పోయి, కాలువ గట్టున కాల్చి నీళ్లలో పడేశారు. చచ్చిపోయినట్టు పడి ఉండి కొద్దిమంది బతికారు. ఆ రాత్రి ఘాజియాబాద్ జిల్లా ఎస్పీగా ఉన్న విభూతి నారాయణ్ రాయ్ ఆ సంగతి తెలియగానే కేసు నమోదు చేయించారు. తన శాఖ వాళ్ల మీదే కేసు పెట్టించిన అధికారి ఆయన. తర్వాత ఈ ఘటన మీద పుస్తకం కూడా రాశారు.

కేసు నత్తనడక నడిచింది. ఛార్జిషీటు వేసేసరికి 1996. నిందితులు కోర్టుకు రాకుండా ఏళ్లు గడిపారు. బాధితుల కుటుంబాలు మొరపెట్టుకోగా సుప్రీంకోర్టు 2002లో కేసును ఢిల్లీకి మార్చింది. 2015 మార్చి 21న కింది కోర్టు అనుమానం కింద 16 మందిని వదిలేసింది. హత్యలు జరిగాయి నిజమే, వీళ్లే చేశారని రుజువు కాలేదు అన్నది సారాంశం. అప్పుడు కుటుంబాలు ఆగిపోయి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అప్పీలు చేశారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా వచ్చి చేరింది. ఆ రోజు ఏ దళం డ్యూటీలో ఉంది, ఏ బండి బయటికి పోయింది అని చూపించే పాత పోలీసు రికార్డులు హైకోర్టు ముందుకు వచ్చాయి. 2018 అక్టోబర్ 31న ఢిల్లీ హైకోర్టు 16 మందికీ యావజ్జీవ శిక్ష వేసింది. 31 ఏళ్లకు.

ఎవరో గుమాస్తా రోజువారీగా రాసి పెట్టిన రిజిస్టరు, 30 ఏళ్ల తర్వాత చనిపోయిన వాళ్ల తరఫున మాట్లాడింది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అమెరికా: భార్య దాచిన కాగితాలు

అమెరికాలో 1950లు, 60లలో నల్లజాతి వాళ్లు ఓటు కోసం, ఒకే బడి కోసం, ఒకే బస్సు సీటు కోసం పోరాడుతున్నప్పుడు దక్షిణ రాష్ట్రాల్లో చాలా హత్యలు జరిగాయి. అక్కడ జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే ఉండేవాళ్లు. చంపిన వాడు ఎవరో ఊరంతటికీ తెలుసు. శిక్ష మాత్రం పడేది కాదు.

మిసిసిపీ రాష్ట్రంలో మెడ్గర్ ఎవర్స్ అనే నాయకుడిని 1963 జూన్ 12న ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. బైరన్ డి లా బెక్‌విత్ అనే వాడి మీద 1964లో రెండుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లూ జ్యూరీ తేల్చలేకపోయింది. పాతికేళ్ల తర్వాత కేసు మళ్లీ తెరుద్దామంటే పాత విచారణ కాగితాలు దొరకలేదు. అప్పుడు ఎవర్స్ భార్య మర్లీ ఎవర్స్ తాను ఇన్నేళ్లుగా దాచుకున్న ఆ విచారణ నకలును తెచ్చి ఇచ్చింది. సాక్షులు అప్పుడు ఏం చెప్పారో అందులో ఉంది. 1994లో బెక్‌విత్‌కు యావజ్జీవం పడింది. శిక్ష అనుభవిస్తుండగానే చనిపోయాడు.

అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 1963 సెప్టెంబర్ 15న, ఆదివారం, ఒక చర్చిలో బాంబు పేల్చారు. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. దోషుల్లో ఒకడికి 1977లో, ఒకడికి 2001లో, ఒకడికి 2002లో శిక్ష పడింది. ఎఫ్‌బీఐ రహస్యంగా రికార్డు చేసిన టేపులు ఏళ్ల తరబడి ప్రాసిక్యూటర్లకు అందలేదు. అవి బయటికి వచ్చాకే 2001 నాటి శిక్ష సాధ్యమైంది.

మిసిసిపీలోనే 1964 జూన్ 21న ఓటర్లను నమోదు చేయించే పని మీద ఉన్న ముగ్గురు యువకుల్ని చంపేశారు. ఒకరు నల్లజాతి అబ్బాయి, ఇద్దరు యూదు అబ్బాయిలు. దానికి పథకం వేసిన ఎడ్గర్ రే కిలెన్ నేరం 2005 జూన్ 21న రుజువైంది, సరిగ్గా 41 ఏళ్ల తర్వాత అదే తేదీన. అప్పటికి వాడికి 80 ఏళ్లు. ముసలివాణ్ణి ఇప్పుడు జైల్లో వేయడం ఎందుకని అక్కడా కొందరు అన్నారు. చనిపోయిన పిల్లలకు ముసలితనం చూసే అదృష్టం దక్కలేదన్న సంగతి ఆ అనేవాళ్లు మర్చిపోయారు.

ఇలాంటి పాత కేసుల్ని తిరిగి చూడటానికి అమెరికా 2008లో ఎమెట్ టిల్ పేరుతో ఒక చట్టం చేసింది. 1955లో చంపేసిన 14 ఏళ్ల పిల్లవాడి పేరు అది. కారంచేడు తీర్పు వచ్చిన ఏడాదీ 2008. అయితే దీన్ని చూసి అక్కడ అంతా సరిపోయిందని అనుకోకండి. చాలా కేసుల్లో అప్పటికే నిందితులు, సాక్షులు పోయారు. శిక్ష పడినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఎందుకింత ఆలస్యం

ఈ కేసులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కారణాలు ఒకేలా కనిపిస్తాయి.

మొదటిది, మొదటి కాగితం. ఫిర్యాదు ఆలస్యంగా రాయడం, పేర్లు తప్పు రాయడం, చెప్పింది ఒకటి రాసుకున్నది ఒకటి కావడం. ఏళ్ల తర్వాత కోర్టులో ప్రతి వంకా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రెండోది, చట్టంలోని చిక్కులు. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో 2000లో సుప్రీంకోర్టు, అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన ప్రత్యేక కోర్టు ఛార్జిషీటును నేరుగా తీసుకోకూడదని, ముందు మేజిస్ట్రేటు దగ్గరికి పోయి అక్కడి నుంచి రావాలని చెప్పింది. తొందరగా తేల్చడానికి పెట్టిన కోర్టుకు అదనంగా ఒక మెట్టు పడింది. 2015 సవరణతోగానీ ఆ చిక్కు తీరలేదు.

మూడోది, సాక్షి. వయసు మీద పడుతుంది, వలస పోతాడు, బెదిరిస్తారు, కొంటారు. ఒకే ఊళ్లో నిందితుడి పొలంలోనే కూలికి పోవాల్సిన మనిషి ఎన్నాళ్లు ఎదురు నిలబడతాడు?

నాలుగోది, ఖర్చు. ఉచితంగా వకీలు దొరికినా దారి ఖర్చు ఉచితం కాదు. హిందూపురం నుంచి అనంతపురం పోయి రావడమంటే ఒక రోజు. హైకోర్టుకు అమరావతి పోవాలంటే రాత్రంతా ప్రయాణం.

ఇప్పుడు చట్టంలో ఏముంది

కాలం మారిన కొద్దీ చట్టం కొంత మారింది. దాతలుగా మీరు తెలుసుకుంటే పది మందికి చెప్పగలరు.

హత్యలాంటి పెద్ద నేరాలకు మన చట్టంలో కాలదోషం లేదు. మూడేళ్ల లోపు శిక్ష పడే చిన్న నేరాలకే కాలపరిమితి ఉంది. "చాలా ఏళ్లయింది, ఇక కేసు నిలవదు" అని ఎవరైనా చెప్తే నమ్మకండి, వకీలును అడగండి.

ఏ స్టేషన్‌కు పోయినా, ఘటన ఎక్కడ జరిగినా, ఫిర్యాదు తీసుకోవాలి. దీన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలియజేయాలని 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం చెప్తోంది.

నిందితుడిని వదిలేస్తే అప్పీలు చేసే హక్కు 2009 చివరి నుంచి బాధితుడికే నేరుగా ఉంది. ప్రభుత్వం అప్పీలు చేస్తుందా లేదా అని ఎదురుచూడనక్కర్లేదు.

కులం, సముదాయం, భాష, పుట్టిన చోటు, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణాలతో ఐదుగురు, అంతకు మించి కలిసి హత్య చేస్తే దాన్ని కొత్త శిక్షాస్మృతి ప్రత్యేక నేరంగా పెట్టింది. మరణశిక్ష లేదా యావజ్జీవం. మూకదాడుల కేసుల్ని వీలైనంత వరకు ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2018 జూలై 17న చెప్పింది. కారంచేడు జరిగిందీ జూలై 17నే, 33 ఏళ్ల ముందు.

సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో ఆమోదం తెలిపింది. ప్రమాదం ఉందని సాక్షి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ బాధితులకైతే 2015 సవరణలో ఇంకా ఎక్కువ ఉంది. ఛార్జిషీటు వేశాక వీలైనంత వరకు రెండు నెలల్లో విచారణ ముగించాలి. బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులు, భోజన ఖర్చులు ప్రభుత్వమే ఇవ్వాలి. ఈ హక్కు ఉందని తెలియకే ఎందరో సొంత డబ్బుతో తిరుగుతున్నారు.

ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం కింద వస్తుంది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్న వాళ్లకు, జాతి హింస, కుల దాడుల బాధితులకు ఆదాయంతో పని లేదు. మిగతా వాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీని అడగాలి. ఫోను నంబరు 15100.

మన చేతిలో ఉన్న పని

చట్టం కాగితం మీద ఉంది. పేద మనిషి గడప నుంచి ఆ కాగితం దాకా ఉన్న దూరాన్ని ఎవరో ఒకరు దాటించాలి. అక్కడే దాత అవసరం.

మొదటి పని, కాగితాలు దాచడం. హాషింపురాలో రిజిస్టరు, మిసిసిపీలో మర్లీ ఎవర్స్ పెట్టె చెప్పింది అదే. ఏ కుటుంబానికి దెబ్బ తగిలినా వారం లోపు ఎఫ్ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, పోస్టుమార్టం రిపోర్టు, ఫొటోలు, పోయిన సామాను జాబితా, చూసిన వాళ్ల పేర్లు ఒక ఫైలులో పెట్టాలి. మూడు సెట్లు జిరాక్స్ తీయాలి. ఒకటి ఇంట్లో, ఒకటి వకీలు దగ్గర, ఒకటి సొసైటీ బీరువాలో. దీనికయ్యే ఖర్చు ఒక పెళ్లి భోజనంలో పది ఆకుల ఖర్చు కూడా కాదు. కానీ 20 ఏళ్ల తర్వాత దాని విలువ ఎంతో ఇప్పుడు చెప్పలేం.

రెండో పని, దారి ఖర్చు. ధర్మవరంలో మగ్గం నేసే మనిషి వాయిదాకు పోతే ఆ రోజు మగ్గం ఆగుతుంది. బస్సు చార్జీ, పూట భోజనం, పోయిన కూలి సొసైటీ ఇవ్వగలదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సాక్ష్యం చెప్పడానికి డబ్బు ఇచ్చినట్టు ఎన్నడూ కనిపించకూడదు. ఏం చెప్పాలో మనం చెప్పకూడదు. చార్జీకి టికెట్టు, భోజనానికి బిల్లు, కూలికి సంతకం, అన్నీ పద్దులో రాయాలి. లేకపోతే రేపు కోర్టులో "ఈ సాక్షిని కొన్నారు" అంటారు. మంచి చేయబోయి కేసు పాడుచేసిన వాళ్లమవుతాం. ప్రభుత్వం ఇవ్వాల్సిన చోట ముందు ప్రభుత్వానికే దరఖాస్తు పెట్టించాలి. అది వచ్చే దాకా మనం ఆదుకోవాలి.

మూడో పని, తోడు. వాయిదా రోజు ఒక చదువుకున్న కుర్రాడు లేదా అమ్మాయి ఆ తల్లి పక్కన కూర్చుంటే చాలు. తర్వాతి తేదీ రాసుకోవడానికి, వకీలు చెప్పింది అర్థమయ్యేలా చెప్పడానికి, భయం పోగొట్టడానికి.

నాలుగో పని, వకీళ్లను తయారుచేయడం. డాక్టరు, ఇంజనీరు చదువులకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం, సంతోషం. ఏడాదికి ఒక్కరికైనా, వీలైతే ఒక అమ్మాయికి, లా కాలేజీ ఫీజు కడదాం. బొజ్జా తారకం లాంటి మనిషి ఆకాశం నుంచి ఊడిపడడు. ఎవరో చదివించాలి.

ఏ పద్దు కింద, జకాత్‌లోనా సదఖాలోనా, ఇది ఇవ్వవచ్చో ఉలమాను అడిగి పెద్దలు నిర్ణయిస్తారు.

ఇది మన వాళ్లకే కావాలా అని ఒకరు అడగవచ్చు. పెనుకొండలో బాబయ్య దర్గాకు వచ్చే వాళ్లలో అన్ని కులాల వాళ్లూ ఉంటారు. అక్కడ ఎవరి కులం ఎవరూ అడగరు. ఈ సాయానికీ అదే కొలత ఉండాలి. కారంచేడు తల్లికీ, హాషింపురా తల్లికీ ఎదురుచూపు ఒక్కటే. ఇంకా కష్టమైన మాట కూడా చెప్పుకోవాలి. రేపు ఎప్పుడైనా తప్పు చేసింది మన మనిషి, దెబ్బ తిన్నది పక్క వీధి మనిషి అయితే, అప్పుడు కూడా ఈ డబ్బు దెబ్బ తిన్న వాడి వైపే పోవాలి. అలా పోకపోతే అది న్యాయానికి సాయం కాదు, పక్షపాతానికి చందా అవుతుంది.

ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో "కోర్టు దారి ఖర్చులు" అనే చిన్న పద్దు ఒకటి వేరుగా రాయమని పెద్దలను కోరుతున్నాను. మొత్తం ఎంతన్నది మీ ఇష్టం. మన మూడు ఊళ్ల కోర్టు వరండాల్లో కూర్చున్న ఏ తల్లీ చార్జీలు లేక వాయిదా మానుకుందన్న మాట మనకు వినపడకపోతే, ఆ పద్దు తన పని చేసినట్టే.